నాలుగో నంబరు గాలి

మా బండిలో గాలి విసిరే మీట మీద నాలుగు నంబర్లున్నాయి. ఒకటి, రెండు, మూడు పేరుకే. పనిచేసేది నాలుగోది ఒక్కటే. అంటే ఏసీ వెయ్యకపోతే చెమటలో నానాలి, వేస్తే తుఫానులో కూర్చోవాలి. మధ్యస్థం అనేది దాని జాతకంలో లేదు. మా అత్త జాతకంలోనూ లేదు కాబట్టి వాళ్ళిద్దరికీ బాగా కుదిరిందని మా ఆవిడ అనేది.

అత్త అంటే మా నాయన చెల్లెలు. నాకు ఆరేళ్ళప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. నన్ను పెంచిందీ, కొట్టిందీ, బడికి ఈడ్చుకెళ్ళిందీ ఆమే. ఆమె భర్త లారీ నడిపేవాడు. రోజూ లారీ కదిలే ముందు దాని అద్దం మీద గుప్పెడు పసుపు అక్షింతలు చల్లడం ఆమెకు అలవాటు. ఒకరోజు పొద్దున చారులో ఉప్పు దగ్గర ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఆమె లోపలే కూర్చుంది, బయటికి రాలేదు, చల్లలేదు. ఆ సాయంత్రం మర్రిపాడు దాటాక బద్వేలు రోడ్డులో లారీ బోల్తా పడింది. ఈ సంగతి ఆమె నాతో ఒకే ఒక్కసారి చెప్పింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏ చక్రం కదిలినా, చివరికి నా చిన్నప్పటి సైకిలు చక్రమైనా, ఆమె చేతి అక్షింతలు పడకుండా వీధిలోకి వెళ్ళలేదు. మొగుడు పోయిన మనిషి అక్షింతలు చల్లకూడదని వీధిలో ఒకావిడ గొణిగిందట. అత్త గిన్నె చేత్తో పట్టుకునే జవాబు చెప్పింది.

"చల్లకపోతే ఏమయిందో నేను చూసినా. చల్లితే ఏమవుద్దో నువ్వు నిలబడి చూడు."

ఆవిడ నిలబడలేదు, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఎనిమిదేళ్ళ కిందట నేను ఈ ఏడు సీట్ల బండి కొన్నాను. ఆత్మకూరులో ఒక కాంట్రాక్టరు వాడి వాడి, అలిసిపోయి అమ్మిన బండి అది. కొన్న రోజు నుంచి దానికీ అక్షింతలు మొదలయ్యాయి. ఊళ్ళోనే ఉన్న బడికి వెళితే చిటికెడు, ఆత్మకూరు వెళితే గుప్పెడు, నెల్లూరు వెళితే రెండు గుప్పెళ్ళు, పైన చామంతి రేకలు. కళ్ళలో పొర కమ్మాక ఆమెకు అద్దం ఎక్కడుందో, బానెట్ ఎక్కడుందో తెలిసేది కాదు. ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అని ఇంకొంచెం ఎక్కువ చల్లేది. నేను వైపర్లు ఎత్తి గింజలు దులుపుకుంటూ విసుక్కునేవాణ్ణి.

ఇక బండి రోగం సంగతి. నేను ఉదయగిరిలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. విద్యుత్తు పాఠం నాకు నోటికి వచ్చు. అలాంటివాడి బండిలో మూడేళ్ళ కిందట గాలి మీట మొరాయిస్తే, అది నా పరువు సమస్య అయింది. మొదట ఊళ్ళో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వైద్యశాస్త్రంలో ఒకటే మందు, గ్యాస్. స్టీరింగ్ బిగుసుకుపోయిందని చెప్పినా గ్యాస్ నింపే రకం. నింపాడు. గాలి చల్లబడింది కానీ నాలుగో నంబరులోనే చల్లబడింది.

అప్పుడు నేనే రంగంలోకి దిగాను. ఫోనులో వీడియోలు చూసి, తప్పు రెసిస్టర్‌దని తేల్చాను. గాలి వేగాన్ని తగ్గించడానికి కరెంటును అడ్డుకునే చిన్న బిళ్ళ అది. అది కాలిపోతే తక్కువ వేగాలు పోయి, అడ్డు లేని నాలుగోది మిగులుతుంది. ఈ మాట ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాను. మా ఆవిడ బొమ్మంతా చూసి, "అయితే బాగుచేయండి" అంది. కొత్త బిళ్ళ తెచ్చి వేశాను. రెండు నెలలు రాజభోగం. మళ్ళీ కాలిపోయింది. ఇంకొకటి వేశాను. ఈసారి నెలన్నర. ఈలోగా ఫ్యూజు కూడా పోతూ వస్తుంటే, ఇరవై ఆంపియర్లది ఉండాల్సిన చోట ముప్పైది పెట్టాను. ఆ పని చేయకూడదని ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు బల్ల గుద్ది చెప్పేది నేనే.

ఇంకో విచిత్రం ఏమిటంటే, గాలి వేసినప్పుడల్లా బండిలో పులిహోర వాసన వచ్చేది. నేను మా ఆవిడను అనుమానించాను. ఆమె నన్ను అనుమానించింది. బడిలో పంచిపెట్టింది సీటు కింద దాచి మరిచిపోయి ఉంటానని ఆమె వాదన. ఏడు సీట్లూ ఊడదీసి వెతికాం. మెతుకు దొరకలేదు.

ఇలా ఉండగా ఈ ఏడు ఎండాకాలం మొదట్లో అత్త ఎడమ కంటికి నెల్లూరులో ఆపరేషన్ చేయించాం. పోయేటప్పుడు నాలుగో నంబరు తుఫానులో పోయాం. తిరిగి వచ్చేటప్పుడు ఆత్మకూరు దాటాక నాలుగో నంబరు కూడా చచ్చిపోయింది. బయట నిప్పులు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న అత్త ముందు సీట్లో ఉడికిపోతోంది. వేరే దారి లేక అద్దాలు దించాను. ముందు పోతున్న కంకర లారీ దుమ్మంతా లోపలికి వచ్చింది. రెండో రోజుకు కన్ను చింతనిప్పు అయింది. మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తితే డాక్టరమ్మ అత్తను ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగి, "మీరు టీచరని చెప్పారు కదూ?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పదిహేను రోజులు చుక్కలు వేస్తే ఎడమ కన్ను దేవుడి దయవల్ల బాగైంది. కానీ కుడి కంటి దగ్గర అత్త మొండికేసింది.

"కన్ను బాగుచేయించుకునేదానికి పోయి కంట్లో దుమ్ము పోయించుకొచ్చినా. ఇంకోటి నాకొద్దు. ఒక కన్నుతోనే మీ బాగోతమంతా కనపడతా ఉండాది, అది చాలు."

"అత్తా, ఆ పొర ముదిరితే ఆపరేషన్ కష్టమని డాక్టరమ్మ చెప్పింది గదా."

"బండిలో అద్దాలు మూసి, చల్లగాలి వచ్చిననాడు చెప్పు. వస్తాను. రాకపోతే రాను."

బాడుగ బండి పిలుస్తానన్నాను. ఇంట్లో బండి పెట్టుకొని ఊరోళ్ళ బండి ఎక్కేంత ఖర్మ పట్టలేదంది. బస్సు ఎక్కితే ఆమెకు వాంతులు. ఆస్పత్రివాళ్ళు గురువారం రమ్మన్నారు. అది తప్పితే మళ్ళీ ఎప్పటికో. ఒక కన్ను పోవడం, ఉండడం నా బండి గాలి మీట మీదికి వచ్చి కూర్చుంది. నవ్వులాటగా ఉన్న రోగం భయంగా మారింది. ఇక నా తెలివిని పక్కన పెట్టి, మంగళవారం బండి తీసుకొని ఒక్కణ్ణే ఆత్మకూరు వెళ్ళాను.

అక్కడ బస్సు డిపో వెనక ఒక రేకుల షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. బండ్ల కరెంటు పనిలో జుట్టు నెరిసిన మనిషి. అందరూ భాయ్ అంటారు, నేనూ అదే అన్నాను. తాళం ఇవ్వబోతే తీసుకోలేదు. స్టూలు చూపించి, నాడి పట్టే హకీంలా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"బండి యాడ పెడతారు సార్?"

"ఇంటి ముందు, రేకుల కింద."

"పైన చెట్టేమన్నా ఉండాదా?"

"లేదు."

"బండిలో ఎవురన్నా తింటారా?"

"ఎవరూ తినరు. కానీ పులిహోర వాసన వచ్చేది భాయ్."

ఆయన మొదటిసారి తల ఎత్తి నన్ను తేరిపార చూశాడు. "పులిహోరా?"

"గాలి వేసినప్పుడే. నాలుగో నంబరులో మరీ ఎక్కువ."

ఆయన లేచాడు. బిస్మిల్లా అనుకుంటూ ఫ్యూజు డబ్బా మూత తీశాడు. కాసేపు చూసి, నా ముప్పై ఫ్యూజు పీకి నా ముందు పెట్టాడు. దాని వెనక వైర్ల కొలికి కరిగి నల్ల బెల్లంలా అంటుకుపోయి ఉంది.

"ఎవురు పెట్టినారు సార్ ఇది?"

"ఎవడో మెకానిక్ భాయ్."

"వాడి చేతికి ఇంకెప్పుడూ స్క్రూడ్రైవర్ ఇయ్యబాకండి."

ఇవ్వనని మాటిచ్చాను.

తర్వాత ముందు సీటు ఎదురుగా ఉండే సొరుగు పెట్టె ఊడదీసి, నా మూడో రెసిస్టర్‌ను బయటికి లాగాడు. బొగ్గయిపోయి ఉంది. కొత్తది వేసేస్తాడనుకున్నాను. ఆయన ఆ బిళ్ళను అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇది తప్పు చెయ్యలా సార్. ఇది చచ్చిపోయింది, అంతే. చంపినోడు లోపల ఉండాడు."

"అదెట్లా?"

"ఈ బిళ్ళ గాలి దారిలో కూర్చోనుంటాది. గాలి తగలతా ఉంటే చల్లగా బతుకుతాది. గాలి ఆడకపోతే అదే కాలి చస్తాది. మీరు చచ్చినోడి తావున ఇంకోడిని కూర్చోబెడతా వచ్చినారు."

ఇరవై ఏళ్ళుగా కరెంటు వేడి గురించి పాఠం చెబుతున్న నాకు, ఆ బిళ్ళ ఎక్కడ కూర్చుందో ఆలోచించాలని తట్టలేదు. సిగ్గుపడ్డాను. పైకి మాత్రం నాకు ముందే తెలిసినట్టు తల ఊపాను.

ఆయన గాలి విసిరే బ్లోయర్ మోటారుకు నేరుగా బ్యాటరీ నుంచి రెండు వైర్లు తగిలించాడు. అది మూలుగుతూ తిరిగింది. లోపల గలగలమంది. ఆ గలగల నాకు రెండేళ్ళుగా తెలుసు. బేరింగు అరిగిందని మా ఆవిడకు చెప్పి ఉన్నాను. ఆయన వైర్లు తీసేసి సందులో చెయ్యి పెట్టబోతే దూరలేదు. ఇనుప కడ్డీ పెడితే ఫ్యాను రెక్కలు విరుగుతాయన్నాడు. సన్నగా, పొడుగ్గా, మెత్తగా ఏదైనా ఉందా అని అడిగాడు.

ఉంది. బండి బాగై నెల్లూరు పోతే డాక్టరమ్మకు ఇవ్వాలని అత్త ముందే కొని బండిలో పెట్టించిన ఉదయగిరి చెక్క చెంచాలు వెనక సీట్లో ఉన్నాయి. ఆరు. ఒకటి తీసి ఇచ్చాను. ఆయన చెంచా కాడ మీద చెక్కడం చూసి ముఖం వికసించి, "ఇది మా చిన్నాయన వాళ్ళ వీధిలో చేసేది సార్" అన్నాడు. తర్వాత ఆ అందమైన చెంచాను తీసుకెళ్ళి బ్లోయర్ గొంతులో దింపాడు.

మొదటి చెంచాలో వచ్చినవి పసుపు పచ్చటి గింజలు.

ఆయన అరచేతిలో పోసుకొని కళ్ళజోడు సర్దుకున్నాడు. రెండో చెంచా, మూడో చెంచా. గింజలు, గింజల మధ్య నలిగిన చామంతి రేకలు, మళ్ళీ గింజలు. ఫ్యాను రెక్కల సందుల్లో అట్టు కట్టి ఉన్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మాకు ఎలుక కూడా దొరకలేదు, దాని తిండి దొరికింది.

"సార్," అన్నాడాయన చాలా మర్యాదగా, "బండి లోపల పెండ్లేమన్నా చేసినారా?"

నాకు నవ్వు ముంచుకొచ్చింది. కానీ ఆ గింజలు ఎవరి చేతివో నాకు తెలుసు. ఆయన అద్దం కిందికి, వైపర్లుండే పట్టీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూశాడు. బయటి గాలి లోపలికి పోయే దారి అదే.

"దీని కింద జాలీ ఉండాల గదా. యాడికి పోయింది?"

అది ఎక్కడికి పోయిందో కూడా నాకు గుర్తొచ్చింది. బండి కొన్న ఏడాదే గింజలు దులుపుతూ దాన్ని ఊడదీశాను. తిరిగి బిగించడం చేతకాక, ఇదొకటి దండగని పారేశాను. చంపినవాడు లోపల ఉన్నాడని భాయ్ అన్నాడు కానీ, వాడు ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చొని ఉన్నాడు.

భాయ్‌కి అంతా చెప్పాను. అత్త సంగతి, లారీ సంగతి, చారులో ఉప్పు సంగతి కూడా. ఎందుకు చెప్పానో తెలియదు, ఆయన చేతిలో ఆ గింజలుండగా దాచబుద్ధి కాలేదు. ఆయన విన్నంతసేపూ గింజలను వేలితో కదుపుతూ ఉన్నాడు. అడుగునుంచి వచ్చినవి రంగు వెలిసి తెల్లగా ఉన్నాయి. పైవి నిన్న కలిపినట్టు పచ్చగా ఉన్నాయి.

"ఆయమ్మకు చెప్తారా?"

"చెబితే ఇంక చల్లదు భాయ్. చల్లకపోతే మేము తిరిగొచ్చేదాకా ఆమె కూర్చోలేదు, నిలబడలేదు."

"అయితే చెప్పబాకండి. ఆమె చల్లేది చల్లనీండి. అవి పైన నిలబడేటట్టు నేను చేస్తా."

పక్క అంగడి నుంచి పిండి జల్లెడ ఒకటి తెప్పించాడు. దాని జాలీని కత్తిరించి వైపర్ల పట్టీ కింద సన్న తీగతో కుట్టేశాడు. మోటారు కడిగాడు. కొలికి మార్చాడు, కొత్త బిళ్ళ వేశాడు, ఇరవై ఫ్యూజు పెట్టాడు. మీట ఒకటో నంబరు మీదికి తిప్పమన్నాడు. తిప్పాను. వేడి టీ మీద ఎవరో ఊదినట్టు మెల్లగా గాలి వచ్చింది. ఒకటో నంబరు ఇలా ఉంటుందని నేను మరిచేపోయాను. కళ్ళు చెమర్చాయని చెబితే మా ఆవిడ నమ్మలేదు కానీ, అది నిజం.

బయలుదేరబోతుంటే ఆయన గింజలన్నీ కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

"తీసుకోండి సార్. మట్టిలో పారేసేదానికి నాకు చెయ్యి రాలా. దువా చేసిన బియ్యం గదా."

పొట్లాన్నీ, ఆ చెంచానూ ముందు సొరుగులో పడేసి ఇంటికి వచ్చాను. మా ఆవిడకు ఒక్కదానికే చెప్పాను. పులిహోర విషయంలో ఆమెకు క్షమాపణ కూడా చెప్పాను. ఆ అవకాశాన్ని ఆమె రెండు రోజులు వాడుకుంది.

గురువారం పొద్దున అత్త కొత్త చీర కట్టుకొని గిన్నెతో బయటికి వచ్చింది. దూరప్రయాణం, పైగా ఆపరేషన్. మూడు గుప్పెళ్ళు చల్లింది. గింజలు టపటపా అద్దం మీద పడి, జారి, పట్టీలోకి దిగి, జల్లెడ మీద నిలబడ్డాయి. నేనూ మా ఆవిడా వాటినే చూస్తూ నిలబడ్డాం. అత్త ముందు సీట్లో కూర్చుంది. అద్దాలు మూశాను. రెండో నంబరు వేశాను. ఆత్మకూరు దాటాక ఆమె పైట భుజం చుట్టూ లాక్కుంది.

"ఏందిరా ఇది, ఇంత చలి పెడతా ఉండాది? తగ్గించు."

ఒకటికి తగ్గించాను.

"ఒకటి కూడా ఉండాదా దీనికి?" అని ఆశ్చర్యపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కొత్త కన్ను వచ్చినప్పటి నుంచి ఆమెకు కనపడినదల్లా లెక్కపెట్టే అలవాటైంది. వెనక సీట్లోంచి చెంచాల కట్ట తీసుకొని లెక్కపెట్టింది. ఐదు. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరుండాలని నన్ను నిలదీసింది. నేను నీళ్ళు నమిలేలోగా ఎదురుగా ఉన్న సొరుగు తెరిచింది. చెంచా దొరికింది. దాంతోపాటు పొట్లం దొరికింది.

"ఇదేంది?"

"అది... బళ్ళో పిల్లలకు ప్రయోగం చేసి చూపించేదానికి అత్తా."

"పసుపు బియ్యంతో ఏం ప్రయోగంరా?" గింజలను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. "ఇది నా పసుపు. కొమ్ములు నేను దంచిందే."

వెనక సీట్లోంచి మా ఆవిడ ముందుకు వంగింది. ఇక దాచలేక చెప్పేశాను. జాలీ పారేసింది నేనని, తప్పు నాదని, ఆ మాట రెండుసార్లు చెప్పాను. అత్త ఒళ్ళో పొట్లం విప్పుకొని గింజలను చూస్తూ కూర్చుంది. సంగం వచ్చింది, పెన్న మీద వంతెన దాటాం. నేను రోడ్డు వైపు చూడడం కన్నా ఆమె వైపు చూడడమే ఎక్కువైంది. ఆమె ఏడిస్తే బండి ఆపుదామనుకున్నాను.

"ఎన్నేండ్లవి ఇవి?"

"ఏడేళ్ళవి అత్తా."

"నువ్వు దులిపేస్తావనుకున్నా. గాలికి పోతాయనుకున్నా." తెల్లబడిన గింజలను వేలితో పక్కకు జరిపింది. "అన్నీ లోపలే ఉండి మీతోనే తిరిగినాయన్నమాట."

ఏదో ఒకటి అనాలని, "ఇంక జాలీ ఉండాదిలే అత్తా, నువ్వెంతన్నా చల్లుకో" అన్నాను.

"బండి మీద ఇంక వెయ్యను. దాని లోపల ఖరీదైన సామానుండాది," అంటూ పొట్లంలోంచి గుప్పెడు తీసి, బండి నడుపుతున్న నా తల మీద పోసింది. "నీ నెత్తినే ఏస్తా. లోపలికి పోయినా చెడిపోయేదానికి ఆడేం లేదు."

"అవి దుమ్మువి పెద్దమ్మా!" అని మా ఆవిడ అరిచింది కానీ, నవ్వుతో మాట సగమే వచ్చింది. ఏడేళ్ళ గింజలు నా చెవుల వెనకా, చొక్కా కాలరులోనూ దిగాయి. నెల్లూరు చేరేదాకా వీపంతా గుచ్చుకుంటూనే ఉన్నాయి. దులుపుకోలేదు.

కుడి కన్ను కూడా బాగైంది. బండి నాలుగు నంబర్లూ చక్కగా పలుకుతున్నాయి. నేను మాత్రం రోజూ పసుపు గింజలతోనే బడికి వెళుతున్నాను. విద్యుత్తు పాఠం మధ్యలో పుస్తకం మీదికి ఒకటి రెండు రాలితే పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. వీధిలోకి వెళ్ళే ముందు అడక్కుండానే తల వంచుతాను. వంచకపోయినా ఒకటే. రెండు కళ్ళూ వచ్చాక మా అత్త గురి ఒక్కరోజు కూడా తప్పలేదు.